మంత్రి ఎలా నడుస్తాడు?

తమకు తెలిసిందే తెలివి అనుకునే మగవాళ్ళు ముగ్గురు ఒకచోట కుర్చీలు వేసుకుంటే దాన్ని కమిటీ అంటారు. తిరుపతిలో చదరంగానికి అలాంటి కమిటీ ఒకటి ఉండేది. రెండువేల అయిదు నాటి మాట.

కమిటీకి పెద్ద చక్రధర్. రేణిగుంట రోడ్డులో టైల్స్ షాపు. ఎనభైతొమ్మిదిలో జిల్లా చాంపియన్. ఆ తర్వాత ఇంకేమీ కాలేదు. కానీ ఆ కప్పు మాత్రం షాపులో బాత్రూమ్ టైల్స్ నమూనాల మధ్య, దేవుడి పటం కంటే కాస్త ఎత్తులోనే ఉంటుంది. రెండోవాడు గిరిప్రసాద్, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాడు. టైమెంతైంది అని అడిగినా గడియారం పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతాడు. మూడో ఆయన కృష్ణమూర్తి గారు, కరెంటాఫీసులో రిటైరైన మనిషి. మంచివారే, కాకపోతే ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళదే న్యాయం అంటారు.

నా పేరు జయంతి. మాది పాకాల. తిరుపతిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేదాన్ని. ఈ ముగ్గురూ మా జిల్లా చదరంగం ఫోరం అని చెప్పుకుని తిరిగే దాన్ని తయారుచేసింది నేను. ఫోరం అంటే ఇంటర్నెట్‌లో ఒక రచ్చబండ అనుకోండి. పేరు నమోదు చేసుకున్నవాళ్ళు అందులో ఆటల గురించి రాసుకుంటారు, రోజుకొక ఎత్తు పంపుకుంటూ ఆడుకుంటారు. తయారుచేసింది నేనైనా కమిటీలో నేను లేను. నన్ను 'టెక్నికల్' అనేవాళ్ళు. పైపు పగిలినప్పుడు మాత్రమే గుర్తొచ్చే మనిషిని అలా కూడా పిలవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

అసలు బాధ ఏమిటంటే, మాకు ఆడుకోవడానికి చోటు లేదు. మాకు అంటే ఆడవాళ్ళకు. మగవాళ్ళు ఆదివారాలు చక్రధర్ గోడౌన్‌లో అట్టపెట్టెల మీద కూర్చుని ఆడుకునేవాళ్ళు. లోపల సిగరెట్ల పొగ, సిమెంటు దుమ్ము. అన్ని బాత్రూమ్ టైల్స్ పేర్చిన ఆ గోడౌన్‌లో బాత్రూమ్ మాత్రం లేదు. నా సెంటర్‌కు ధరణి అని ఇంటర్ చదివే అమ్మాయి వచ్చేది, నాకంటే బాగా ఆడుతుంది. వాళ్ళమ్మ ఒకసారి ఆ గోడౌన్ గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, కూతుర్ని వెనక్కి తీసుకుపోయింది. ఆమెను నేను తప్పు పట్టను. దాంతో ధరణీ నేనూ రెండు కంప్యూటర్ల సందులో ప్లాస్టిక్ స్టూలు మీద బోర్డు పెట్టుకుని ఆడేవాళ్ళం. ఎవరైనా ప్రింటు కావాలంటే ఆట ఆగిపోయేది.

అలాంటి సమయంలో ప్రేమానందం గారు ఒక మాట అన్నారు. ఆయన చిత్తూరు మనిషి, ఇక్కడ బస్టాండు దగ్గర లాడ్జి నడుపుతారు. మేడమీద రోడ్డు వైపు పెద్ద గది ఒకటి ఖాళీగా ఉందనీ, దాన్ని చదరంగానికి ఇచ్చేస్తాననీ చెప్పారు. గాలీ వెలుతురూ ఉన్న గది. పక్కనే బాత్రూమ్. కాకపోతే నలుగురు మగవాళ్ళు పొగ తాగడానికైతే ఇవ్వనన్నారు. జిల్లాలో నిజంగా ఆడేవాళ్ళు, ఆడా మగా కలిసి ముప్ఫైమంది ఉన్నారని ఉగాదిలోగా చూపించమన్నారు. ఫోరంలో పేర్లు చేరితే చాలు, తానే చూసుకుంటానన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. సంతోషం పట్టలేకపోయినా అలాగే అవుతుందట.

పేర్లు చేరాయి. వారం తిరక్కుండానే వందకు పైగా. కానీ అందులో మనుషులు బహు తక్కువ. ఎక్కడెక్కడి కంప్యూటర్ ప్రోగ్రాములో వాటంతట అవే లోపలికొచ్చి పేర్లు నమోదు చేసుకుని, ఎత్తులు రాయాల్సిన చోట మగతనం మాత్రలు, దొంగ గడియారాలు, బట్టతలకు నూనెలు అమ్మడం మొదలుపెట్టాయి. ఒకరోజు ప్రేమానందం గారు ఫోన్ చేసి, చదరంగం చూద్దామని తెరిస్తే మందుల అంగడి కనబడతా ఉందేందమ్మా అని అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

దీనికి ఉపాయం ఉంది. చేరబోయేవాళ్ళను ముందు ఒక ప్రశ్న అడగాలి. మనిషైతే జవాబు చెప్పి లోపలికి వస్తాడు, ప్రోగ్రామైతే చెప్పలేక బయట ఉండిపోతుంది. ఆ ప్రశ్న ఏదో తేల్చడానికి కమిటీ నా సెంటర్‌లోనే కూర్చుంది, నా ఫ్యాను కింద, నేను తెప్పించిన టీ తాగుతూ.

ఎనభైతొమ్మిదిలో జిల్లా చాంపియన్ ఎవరు అని అడుగుదామన్నాడు చక్రధర్. ఆ జవాబు అందరికీ తెలియదన్నా అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, నా వంక కాసేపు జాలిగా చూశాడు. గిరిప్రసాద్ రష్యాలో ఎప్పుడో జరిగిన ఆట ఒకటి ఎత్తుకున్నాడు. అందులో ఓడినవాడు పదకొండో ఎత్తులో చేసిన తప్పేమిటో నాలుగు వాక్యాలకు మించకుండా రాయమనాలట. చతురంగ బలాలను వరసగా చెప్పమందామా అన్నారు కృష్ణమూర్తి గారు. తీరా ఆ వరస ఆయనకే గుర్తురాక వదిలేశారు.

నేను రాత్రంతా ఆలోచించి ఒక ప్రశ్న రాసిపెట్టుకున్నాను. ఎవరు చిక్కితే ఆట అయిపోతుంది? జవాబు, రాజు. అరుగు మీద నేర్చుకున్నా, హాస్టల్లో నేర్చుకున్నా, తెలుగులో ఆడినా, అరవంలో ఆడినా, బోర్డు ముందు ఒక్క పూట కూర్చున్నవాడికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. మాత్రలు అమ్ముకునే యంత్రానికి తెలియదు. గుమ్మంలో నిలబడింది మనిషా కాదా అని చూడాలి గాని, వచ్చినవాడికి గుమ్మంలోనే మార్కులు వేయకూడదని చెప్పాను. చాలా ఓపిగ్గా చెప్పాను. అంత ఓపిక నాలో ఉందని నాకే తెలియదు.

చక్రధర్ నవ్వాడు. "ఇదేమన్నా ఎల్కేజీ అడ్మిషనా మా?"

కృష్ణమూర్తి గారు కూడా నవ్వారు, అప్పటికి ఆఖర్న మాట్లాడింది చక్రధర్ కాబట్టి. ఆ తర్వాత చక్రధర్ గొంతు సవరించుకుని తన ప్రశ్న బయటపెట్టాడు. మంత్రి ఎలా నడుస్తాడు? అసలు మన తెలుగు చదరంగంలో రాణి అనేదే లేదనీ, రాణిని తెచ్చింది తెల్లవాళ్ళనీ, రాజు పక్కన నిలబడేది మన మంత్రేననీ ఉపన్యాసం ఇచ్చాడు. నిటారుగానూ మూలగానూ, రెండు విధాలా పోయే మహాబలుడు మంత్రి. ఆ సంగతి తెలియనివాడికి మన ఫోరంలో పనేమిటి అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. మాది పాకాల అన్నాను కదా. అక్కడ రైళ్ళు మారినట్టే మాటలూ మారతాయి. తిరుపతి వైపు మంత్రి అంటే రాజు పక్కన ఉండే పెద్ద పావు. పూతలపట్టు దాటి చిత్తూరు వైపు పోతే, చాలా ఇళ్ళలో ఆ పావును రాణి అంటారు. మంత్రి అంటే వాళ్ళ లెక్కలో ఐమూలగా మాత్రమే పోయే శకటు. అరవదేశం పక్కనే కాబట్టి వాళ్ళ చదరంగం అటువైపు నుంచి వచ్చింది.

"ఆ పక్కన మంత్రి వేరే పావన్నా," అన్నాను. "రాజూ రాణీ నడాన ఉంటారు, వాళ్ళకి చెరో పక్కా మంత్రి. మూలగా తప్ప పోడు. చిత్తూరోళ్ళంతా మూలగా అనే చెప్తారు, అది తప్పు కాదు గదా."

"అది అరవం. మనం నేర్పాల్సింది పోయి, వాళ్ళ తప్పుల్ని నెత్తిన పెట్టుకుందామా?" అన్నాడు చక్రధర్. ఈ మాట అన్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది అరవదేశం వేలూరు నుంచి తెప్పించుకున్న పొగాకు పొట్లం. పొద్దున కడుపులో పడింది అరవ హోటలు పొంగలి.

ఆ మీద గిరిప్రసాద్ తన వంతు పాండిత్యం కలిపాడు. జవాబు రాయమంటే తలో రకంగా రాస్తారనీ, కాబట్టి మూడు జవాబులిచ్చి ఒకటి నొక్కమనాలనీ, పోటీ పరీక్షల్లో అదే న్యాయమైన పద్ధతనీ అన్నాడు. నిటారుగా, మూలగా, రెండు విధాలా. ఇట్లా ఇస్తే ప్రోగ్రాములు మూడూ నొక్కి చూసుకుని లోపలికి వచ్చేస్తాయి సార్ అని నేను మొత్తుకున్నాను. చెవిన పెట్టలేదు. తప్పు నొక్కినవాళ్ళకు కనబడాల్సిన మాట చక్రధర్ తానే స్వయంగా రాశాడు. 'క్షమించండి. మీకు చదరంగం తెలియదు. నేర్చుకుని రండి.' ఇందులో క్షమించండి అన్నది గిరిప్రసాద్ బతిమాలితే చేర్చాడు.

ఇక జరగాల్సింది జరిగింది. ప్రోగ్రాములకు సిగ్గేముంది? తప్పంటే ఇంకొకటి నొక్కాయి, అదీ తప్పంటే మూడోది నొక్కాయి, దర్జాగా లోపలికొచ్చి మాత్రలు అమ్ముకున్నాయి. మనిషికి సిగ్గుంటుంది. నీకు ఆట తెలియదు పో అని మొహాన కొడితే ఒక్కసారికే వెనక్కి తిరిగిపోతాడు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ మూలగా అని నొక్కి, ఆ తిట్టు చదువుకుని వెళ్ళిపోయారు. ఉగాది దగ్గర పడుతోంది. లోపల ఉన్న మనుషులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాకు కళ్ళు మూసుకుంటే ఆ గది కనబడేది, కిటికీలు తెరిచి, ధరణి బోర్డు సర్దుతున్నట్టు.

ఒకరోజు నేనే ఆ ప్రశ్న తీసేసి నా ప్రశ్న పెట్టాను. సాయంత్రం దాకా అయిదుగురు మనుషులు వచ్చారు, ఒక్క మాత్ర రాలేదు. చీకటిపడే వేళకు చక్రధర్ ఊగిపోతూ వచ్చాడు. కమిటీ తీర్మానాన్ని టెక్నికల్ మార్చకూడదన్నాడు. మంత్రిని మళ్ళీ కూర్చోబెట్టించి, పాస్‌వర్డ్ తన దగ్గర పెట్టుకుని పోయాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, ఆ క్షణంలో ఆ కప్పు తీసుకుపోయి తుమ్మలగుంట చెరువులో పారేద్దామనిపించింది.

ఉగాది ముందు ఆదివారం ప్రేమానందం గారు గోడౌన్‌కు వస్తానన్నారు, లెక్క ఎంతవరకు వచ్చిందో చూడడానికి. పాస్‌వర్డ్ కొట్టి ఫోరం తెరిచిపెట్టి, కాగితాలు ప్రింటు తీసుకుని నన్నూ రమ్మన్నాడు చక్రధర్. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, లాడ్జి తాళాల గుత్తి వేలికి తగిలించుకుని వచ్చారు. అట్టపెట్టె మీద రుమాలు పరిచి కూర్చున్నారు. మనుషులు పదకొండు మందేనని విని, ఏమైందప్పా అని అడిగారు.

జనానికి ఆట రాదండీ, మేమేం చేసేది అన్నాడు చక్రధర్. కావాలంటే చూడండి అని, తప్పు జవాబులు నొక్కినవాళ్ళ కాగితం గిరిప్రసాద్ చేతికిచ్చాడు. చేరేటప్పుడు ఎవరి గురించి వాళ్ళు ఒక ముక్క రాయాలి, అది కూడా ఆ కాగితంలో ఉంటుంది. గిరిప్రసాద్ క్లాసులో పాఠం చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. చదివి నవ్వడం, నవ్వి మళ్ళీ చదవడం. కృష్ణమూర్తి గారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది సూడండి సార్. పేరు సుబ్బులమ్మ. ఊరు చిత్తూరు. వంటింట్లో నేర్చుకున్న ఆట అని రాసింది. మంత్రి మూలగా పోతాడంట."

"వంటింట్లో నేర్చుకుంటే మంత్రి మూలకే పోతాడు, పొయ్యి ఉండేది ఆ మూలనే గదా," అన్నాడు చక్రధర్. "సుబ్బులమ్మంట. సాంబారులో చింతపండెంత అని అడిగి ఉంటే పాసయ్యుండేది."

ముగ్గురూ విరగబడి నవ్వారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ సుబ్బులమ్మ ఎవరో నాకు తెలియదు. కానీ నేనూ నేర్చుకుంది వంటింట్లోనే, మా జేజి దగ్గర, అంటే నాయనమ్మ దగ్గర, చింతగింజలు బంట్లుగా పెట్టుకుని. ఎక్కడ నేర్చుకుంటే ఏమన్నా, వచ్చిన మనిషిని తరిమేసి నవ్వుతారా అని గట్టిగానే అన్నాను.

ప్రేమానందం గారు నవ్వలేదు. బోర్డు తెప్పించుకుని, పావులు తానే పేర్చారు. రాజు పక్కనున్న పావు మీద వేలు పెట్టి, ఇదేంది అని అడిగారు. మంత్రి అన్నాడు చక్రధర్. దాని పక్కది? శకటు.

"మా ఇంట్లో ఇది రాణి," అన్నారాయన. "ఇది మంత్రి. మూలగానే పోతాడు. మా యమ్మది అరవదేశంలో గుడియాత్తం. ఆమె అట్లనే నేర్పిచ్చింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపల ఒక ఆట."

బయట లారీలోంచి టైల్స్ దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సుబ్బులమ్మ మా యమ్మ పేరప్పా. పోయి మూడేండ్లయింది. గదికి ఆ పేరే పెడదామని ఉన్నాను. లోపలికి కూడా ఆ పేరుతోనే పోదామని నొక్కినాను. నాకు ఆట తెలీదని వచ్చింది. సరే అనుకున్నా. ఇప్పుడు మా యమ్మక్కూడా తెలీదంటా ఉండారు."

గిరిప్రసాద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కృష్ణమూర్తి గారు లేచి చేతులు జోడించారు. నిజంగానే బాధపడ్డారు, ఆ మాట చెప్పాలి. చక్రధర్ కూడా అలా ఒక నమస్కారం పెట్టి ఊరుకుని ఉంటే పోయేది. కానీ ఎనభైతొమ్మిది చాంపియన్ ఊరుకుంటాడా?

"మీరు పెద్దోళ్ళు సార్, కాదన్ను. కానీ జవాబు తప్పే గదా. మీ కోసమని రూలు మార్చలేం," అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా ఆడుతున్నాడు, ఎదుటివాడు ఆట కట్టించి లేచిపోతున్నా తెలుసుకోలేకపోయాడు. అలాంటి మనిషిని చూసి కోపం కూడా రాదు.

ప్రేమానందం గారు నా వైపు తిరిగి, నువ్వైతే ఏం అడిగేదానివమ్మా అన్నారు. చెప్పాను. ఎవరు చిక్కితే ఆట అయిపోతుంది? రాజు, అన్నారాయన వెంటనే. ఇది మా యమ్మా చెప్తుంది, ఈయప్పా చెప్తాడు అన్నారు, చక్రధర్‌ను చూపిస్తూ. తర్వాత గుత్తిలోంచి ఒక తాళంచెవి వేరుచేశారు. గట్టి రింగు, విడిపించడానికి కాసేపు పట్టింది. అది నా చేతిలో పెట్టి, ముప్ఫై మందిని నువ్వే తెచ్చుకో, తొందరేం లేదు, సిగరెట్లు మాత్రం వద్దు అని చెప్పి, రుమాలు దులుపుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే చక్రధర్ పాస్‌వర్డ్ రాసిన చీటీ నా బల్ల మీద పడేసి పోయాడు, మీ లాడ్జి ఫోరంతో తనకు పనిలేదన్నట్టు. ఫోరంలోంచి తన పేరు కూడా తీసేసుకున్నాడు. నేను ప్రశ్న మార్చాను. జవాబు నొక్కడం కాదు, రాయాలి. తెలుగులో రాసినా, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా, కింగ్ అని రాసినా, అరవంలో అరసన్ అని రాసినా సరేనని అన్నీ చేర్చాను. తిప్పి పంపే మాట మార్చడం ఒకటి మిగిలిపోయింది. చిత్తూరు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఉగాది దాటిన కొన్నాళ్ళకు ముప్ఫై నిండింది. మేడమీద సుబ్బులమ్మ గదిలో ఇప్పుడు ఆదివారాలు కిటికీలు తెరిచే ఉంటాయి. వరదమ్మ, అంటే ధరణి వాళ్ళమ్మ, గుమ్మంలో ఆగకుండా లోపలికే వచ్చి కూర్చుంటుంది. కృష్ణమూర్తి గారు వస్తారు. గిరిప్రసాద్ వస్తాడు, ధరణి చేతిలో ఓడిపోయి, అలా ఓడిపోవడానికి గల కారణాలు చెబుతాడు. మంత్రిని ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు పిలుచుకుంటారు. ఆట మొదలయ్యే ముందు, మీకు మంత్రి ఎవరు అని ఒకసారి అడిగితే సరిపోతుంది.

చక్రధర్ మాత్రం గోడౌన్‌లో ఒక్కడే మిగిలాడు. ఎన్నాళ్ళని అట్టపెట్టెలతో ఆడతాడు? వానాకాలంలో ఒకరోజు ఫోరంలో కొత్తగా చేరడానికి ప్రయత్నించి తప్పిపోయిన పేరు ఒకటి కనబడింది. తన గురించి రాసుకున్న ముక్కలో, ఎనభైతొమ్మిది జిల్లా చాంపియన్ అని ఉంది. ఎవరు చిక్కితే ఆట అయిపోతుంది అన్నదానికి జవాబుగా ఒకే ఒక్క అక్షరం కొట్టాడు, కె. పోటీల్లో ఎత్తులు రాసుకునేటప్పుడు రాజుకు రాసే గుర్తు అది. రాజు అని మామూలుగా రాస్తే పరువు తక్కువ అనుకున్నాడు కాబోలు. యంత్రానికి ఆ గుర్తు తెలియదు. ఆయన రాసిపెట్టిన మాటనే ఆయనకు చూపించింది.

కాసేపటికి సెంటర్‌కు ఫోన్ వచ్చింది.

"ఏమ్మా జయంతీ, నాకు చదరంగం తెలీదంట. నేర్చుకుని రమ్మంటా ఉండాది," అన్నాడు. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది.

"ఆ మాట మీరు రాసిందే అన్నా," అన్నాను.

కె కూడా సరైన జవాబే. న్యాయం న్యాయమే కదా, అదీ చేర్చాను. ఆ తిట్టు కూడా తీసేశాను. రెండూ మర్నాడు పొద్దున చేశాను.